వ్యాన్ లోపలి గోడలకు కార్పెట్ లైనింగ్

సరుకుల వ్యాన్ లోపల కనిపించే రేకునూ, గోడలకు బిగించిన ప్లైవుడ్ పలకలనూ పలుచగా, నాలుగు వైపులా సాగే కార్పెట్ గుడ్డతో కప్పి జిగురుతో అతికించే పనిని కార్పెట్ లైనింగ్ అంటారు. సామాను మోయడానికి తయారైన బండిని మనుషులు కూర్చోవడానికీ, పడుకోవడానికీ వీలుగా మార్చుకునేటప్పుడు దాదాపు చివర్లో వచ్చే పని ఇది. బ్రిటన్‌లో ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ చుట్టూ ఇదొక ప్రత్యేకమైన చేతిపనిగా స్థిరపడింది కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా ఆ బండి నుంచే వస్తాయి. నేల మీద పరిచే కార్పెట్‌కూ దీనికీ పేరొక్కటే గాని గుణాలు వేరు. అది తొక్కుడుకు తట్టుకోవాలి, ఇది వంపుకు ఒదగాలి.

కార్పెట్ ఎందుకంటే వెచ్చదనం కోసమనీ, చప్పుడు తగ్గడానికనీ చెప్పడం రివాజు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంతే. అసలు కారణం వ్యాన్ రేకు ఆకారంలో ఉంది.

వంపుల సమస్య

వ్యాన్ బాడీని పలుచటి ఉక్కు రేకుతో చేస్తారు. ఆ రేకు వణకకుండా, వంగకుండా ఉండటానికి ప్రెస్సులో దానికి గాడులు, మడతలు, పెట్టెల్లాంటి పక్కటెముకలు అచ్చు వేస్తారు. కిటికీ చుట్టూ ఉండే చట్రం, తలుపుల మధ్య స్తంభాలు, చక్రాల మీదుగా లోపలికి పొడుచుకొచ్చే వీల్ ఆర్చ్‌లు, పైకప్పు గోడను కలిసే చోటు, వీటిలో చాలావరకు ఒకేసారి రెండు దిక్కుల్లో వంగి ఉంటాయి. కుండకు కాగితం చుట్టబోతే ఎక్కడో ఒకచోట ముడత పడక తప్పదు. సాగని ఏ పదార్థాన్నైనా రెండు దిక్కుల వంపు మీద పరిస్తే జరిగేది అదే. ప్లైవుడ్ చదునుగా ఉన్న భాగాన్ని కప్పగలదు గాని స్తంభం దగ్గర ఆగిపోతుంది. రెక్సిన్ కొంత సాగుతుంది, కానీ దానికి కుట్లు కావాలి. పైగా కింద ఉన్న ప్రతి సొట్టనూ, ప్రతి గమ్ ముద్దనూ పైకి చూపిస్తుంది. పెయింట్ వేస్తే రేకు రేకులాగే ఉండిపోతుంది.

నాలుగు వైపులా సాగే కార్పెట్ ఈ ఇబ్బందులన్నీ దాటుతుంది. వంపు మీద సాగుతుంది, మూలలో కుంచించుకుంటుంది. దాని నూగు వెలుగును చెదరగొట్టడం వల్ల కింద ఉన్న ఎగుడుదిగుళ్లు కంటికి ఆనవు. అన్నిటికన్నా ముఖ్యంగా, కోసిన అంచు నుంచి దారాలు ఊడవు. అందుకే ముందుగా కొలిచి, కుట్టి, తెచ్చి తొడగాల్సిన అవసరం లేకుండా బండిలోనే అతికించి అక్కడికక్కడే బ్లేడుతో కోసేయవచ్చు. దర్జీ పని రానివాడు కూడా ఒక శని, ఆదివారాల్లో ముగించగలిగే స్థితికి ఈ పనిని తెచ్చింది ఈ ఒక్క గుణమే.

బరువు లెక్క కూడా దీని వైపే మొగ్గుతుంది. పొట్టి వీల్‌బేస్ ట్రాన్స్‌పోర్టర్‌లో గోడలు, తలుపులు, పైకప్పు కలిపి సుమారు 14, 15 చదరపు మీటర్లు కప్పాల్సి వస్తుంది. చదరపు మీటరుకు 400 గ్రాములు తూగే కార్పెట్ అయితే మొత్తం ఆరు కిలోలు. అంత మేరా 9 మి.మీ. దేవదారు చెక్కలు పేరిస్తే అరవై కిలోల పైమాటే.

చరిత్ర

ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ తయారీ 1950 మార్చిలో మొదలైంది. మరుసటి ఏడాదే జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో పరుపులు, అల్మరాలు అమర్చి క్యాంపర్‌గా అమ్మసాగింది. ఆ కాలపు క్యాంపర్ల గోడలకు వార్నిష్ పూసిన ప్లై పలకలు ఉండేవి. కార్పెట్ అప్పటికింకా నేల దాటలేదు.

దాన్ని గోడ ఎక్కించింది అమెరికా. 1971లో డాడ్జ్, షెవ్రొలె సంస్థలు కొత్త తరం పెద్ద వ్యాన్లను దించాయి. కుర్రకారు వాటిని కొని, పక్కలకు గుండ్రటి కిటికీలు కోయించి, బయట రంగురంగుల బొమ్మలు వేయించి, లోపల అంగుళం పొడవు పోగులున్న షాగ్ కార్పెట్‌ను నేల నుంచి పైకప్పు దాకా అంటించేవాళ్లు. ఆ దశకం నడుమకు వచ్చేసరికి ఈ మోజు ఎంత పెరిగిందంటే, ఫోర్డ్ ‘క్రూజింగ్ వ్యాన్’, డాడ్జ్ ‘స్ట్రీట్ వ్యాన్’ పేర్లతో ఫ్యాక్టరీలే అలంకరించిన బళ్లు అమ్మాయి. శామీ జాన్స్ పాడిన ‘షెవీ వ్యాన్’ పాట 1975లో రేడియోల్లో మారుమోగింది. 1977లో ‘ది వ్యాన్’ పేరుతో సినిమాయే వచ్చింది. షాగ్ పొడవాటి పోగుల కింద అతుకులు, వంకర కోతలు అన్నీ దాక్కునేవి, కాబట్టి చేసేవాడి నేర్పరితనంతో పెద్దగా పని ఉండేది కాదు. దుమ్ము, సిగరెట్ వాసన, చిందిన బీరు కూడా అక్కడే దాక్కునేవి. 1979 చమురు సంక్షోభం, 1983 చివర్లో క్రైస్లర్ తెచ్చిన మినీవ్యాన్ ఆ సరదాను చల్లార్చాయి. గోడ మీది కార్పెట్ అంటే నేటికీ కొందరు ముఖం చిట్లించడానికి మూలం ఆ రోజులే.

ఇప్పటి పద్ధతికి మూలం వేరు. 1990లో వచ్చిన టీ4 ట్రాన్స్‌పోర్టర్‌లో ఇంజన్ వెనక నుంచి ముందుకు మారింది. దాంతో లోపలి నేల ఆసాంతం చదునై, ఖాళీ సరుకుల వ్యాన్‌ను కొని సొంతంగా క్యాంపర్ చేసుకోవడం తేలికయింది. 2003లో టీ5, 2015లో టీ6 వచ్చాక ఈ అలవాటు బ్రిటన్‌లో చిన్న పరిశ్రమ స్థాయికి చేరింది. కార్పెట్, గమ్ డబ్బాలు, క్లిప్పులు కలిపి బండి మోడల్ వారీగా కిట్లు అమ్మే దుకాణాలు వెలిశాయి. 2011లో ఫాస్టర్ హంటింగ్టన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ‘వ్యాన్‌లైఫ్’ అనే మాటను సామాజిక మాధ్యమాల్లో వాడుకలోకి తెచ్చాక, ఆపైన 2020 కొవిడ్ ఆంక్షల కాలంలో, వ్యాన్ కొనుక్కుని తిరిగే కోరిక ఇంకా చాలామందికి పాకింది. విచిత్రమేమిటంటే ఆ ఫొటోల్లో కనిపించేది చాలావరకు చెక్క గోడలే. ఫియట్ డుకాటో వంటి నిట్టనిలువు గోడల ఎత్తైన బండికి చెక్క కుదురుతుంది. పక్కలు వంగిన ట్రాన్స్‌పోర్టర్‌లో చెక్క పేర్చేవాడు ఎంతో కొంత జాగా పోగొట్టుకుంటాడు. ఫ్యాషన్ మారినా ఈ బండిలో కార్పెట్ నిలిచింది అందువల్లే.

గుడ్డ

లైనింగ్ కార్పెట్‌ను నేయరు, అల్లరు. పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పోగులను మందపాటి దూదిపొరలా పరిచి, ముళ్లున్న వేలాది సూదులతో పదేపదే గుచ్చుతారు. ముళ్లు పోగులను కిందికీ పైకీ లాగి ఒకదానిలో ఒకటి చిక్కువేస్తాయి. పడుగు పేకలు లేవు కాబట్టి కోసినా ఊడేందుకు దారం లేదు. పోగులు అన్ని దిక్కులకూ పరుచుకుని ఉండటం వల్ల గుడ్డ అన్ని వైపులా సాగుతుంది. సాధారణంగా రెండు మీటర్ల పన్నాతో చుట్టలుగా దొరుకుతుంది. చదరపు మీటరుకు సుమారు 300 నుంచి 500 గ్రాముల మధ్య తూగుతుంది. మరీ పలుచనిది సాగదీసినప్పుడు అడుగు కనిపిస్తుంది, మరీ మందమైనది మూలలో ముద్ద కడుతుంది.

పాలీప్రొపిలీన్ పోగు నీటిని పీల్చదు. ఇది వ్యాన్‌లో పెద్ద వరం. కానీ దాదాపు 165 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది; హీట్ గన్‌ను ఒకేచోట నిలిపితే మెరిసే గట్టి మచ్చ పడుతుంది, అది ఇక పోదు. పాలియెస్టర్ 250 డిగ్రీలు దాటేదాకా కరగదు. రంగు విషయంలో, పోగు తయారయ్యేటప్పుడే ద్రావణంలో రంగు కలిపినవి ఎండకు తొందరగా వెలవవు. వ్యాన్ కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఎండ తగిలే చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. ఉన్ని, జనపనార కార్పెట్లు ఇక్కడికి పనికిరావు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను తడి తెలియకుండానే దాచుకోగలదు. గోడ పొరల్లో దట్టించే ఉన్నికి అది మంచి గుణమే గాని, చల్లటి రేకుకు అంటిన గుడ్డకు కాదు.

పైకప్పుకు కొందరు వెనక పలుచటి పాలీయురథేన్ ఫోమ్ ఉన్న గుడ్డ వాడతారు. కొత్తలో అది బాగుంటుంది. వేడికీ తేమకూ ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ పొడి అవుతుంది, గుడ్డ సంచిలా కిందికి వేలాడుతుంది. పాత కార్ల పైకప్పు లైనింగ్ తలకు తగిలే స్థితికి రావడం చాలామంది చూసే ఉంటారు. అక్కడ చెడింది జిగురు కాదు, ఫోమ్. ఫోమ్ లేని గుడ్డకు ఈ బెడద లేదు.

జిగురు

ఈ పనిలో పోయేవాటిలో ఎక్కువ భాగం జిగురు దగ్గరే పోతాయి. వాడేది కాంటాక్ట్ గమ్: రెండు ముఖాలకూ పూసి, ద్రావకం ఆవిరయ్యేదాకా ఆగి, అప్పుడు కలపాలి. కలిపిన క్షణమే పట్టుకుంటుంది. ఈ రకం గమ్‌లకు మూలపదార్థాల్లో ఒకటైన నియోప్రీన్ రబ్బరును డ్యూపాంట్ ప్రయోగశాలలో 1930లో కనుగొన్నారు. మన దగ్గర సీటు కవర్ల షాపుల్లో, చెప్పుల షాపుల్లో వాడే పసుపు రంగు రబ్బరు గమ్, ఫెవికాల్ ఎస్‌ఆర్ వంటివి, ఈ కోవలోనివే. వ్యాన్ పనికి స్ప్రే రూపం మేలు. బ్రష్‌తో పూసిన గమ్ గుడ్డను తడిపి పైకి ఊరే ప్రమాదం ఉంది, స్ప్రే సాలెగూడు దారాల్లా పడి పైనే నిలుస్తుంది.

డబ్బా మీద చూడాల్సింది ఎంత వేడికి తట్టుకుంటుందన్న అంకె. మామూలు క్రాఫ్ట్ స్ప్రే గమ్ 50, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన బండి పైకప్పు రేకు 70 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే 100 డిగ్రీలకు పైగా తట్టుకునేదే ఎంచుకుంటారు. చలి కూడా అంతే ఇబ్బంది. రేకు చల్లగా ఉంటే ద్రావకం ఆరదు, పైన గాలిలోని చెమ్మ సన్నగా పేరుకుంటుంది. అప్పటికి అంటినట్టే ఉండి వారం తిరక్కముందే అంచులు లేస్తాయి. పని 18 నుంచి 25 డిగ్రీల మధ్య చేయాలని తయారీదారులు చెప్పడం చాదస్తం కాదు.

రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మొదటి పని. కొత్త బండిలోనైనా ఫ్యాక్టరీ మైనం పొర, చేతి జిడ్డు ఉంటాయి. తుప్పు మచ్చ ఉంటే గీకి, ప్రైమర్ వేసి, ఆరాకే ముందుకు పోవాలి. జిగురు పట్టుకునేది తన కింద ఉన్న పైపొరనే. ఆ పొర తుప్పు అయితే జిగురు ఎంత మంచిదైనా తుప్పుతో సహా ఊడివస్తుంది.

కింది పొరలు: వేడి, చెమ్మ, చప్పుడు

5 మి.మీ. కార్పెట్ వేడిని ఆపే శక్తి 25 మి.మీ. నైట్రైల్ రబ్బరు ఫోమ్‌కు ఉన్నదానిలో సుమారు ఏడో వంతు. అంటే చలికాలానికి కార్పెట్ మీద ఆధారపడటం వృథా. అది చేసేది ఒకటే: ఉక్కు చేతికి తగిలినప్పుడు జిల్లుమనకుండా చూస్తుంది. ఉక్కు వేడిని త్వరగా లాగేసుకోవడం వల్లే మనకు చల్లగా అనిపిస్తుంది. నడుమ గుడ్డ ఉంటే ఆ లాగుడు నెమ్మదిస్తుంది. రాత్రి నిద్రలో మోచెయ్యి గోడకు తగిలినప్పుడు ఈ కాస్త తేడా చాలా పెద్దదిగా తోస్తుంది. జనం దాన్నే ‘వెచ్చదనం’ అంటారు.

చెమ్మ అసలైన శత్రువు. ఇద్దరు మనుషులు మూసిన బండిలో రాత్రంతా పడుకుంటే ఊపిరి, చెమట ద్వారా అర లీటరుకు పైగా నీరు గాలిలో చేరుతుంది. లోపల 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయనుకుందాం. 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆ గాలి నీటిచుక్కలు వదులుతుంది. ఇంగ్లండ్ శీతాకాలపు రాత్రి వ్యాన్ రేకు ఐదారు డిగ్రీలకు దిగుతుంది. కార్పెట్ గాలిని ఆపదు కాబట్టి ఆవిరి దాని గుండా పోయి రేకు మీద నీరుగా మారుతుంది. గుడ్డ ఆ నీటిని కంటికి కనిపించకుండా చేస్తుంది, అంతే. కొన్ని నెలలకు మొదట వాసన, తర్వాత నల్లటి బూజు చుక్కలు.

దీనికి విరుగుడు కార్పెట్‌లో లేదు, దాని కింద ఉంది. పెద్ద చదును రేకుల వెనక మూసిన గదుల ఫోమ్‌ను సందు లేకుండా అంటించాలి. రేకుకూ ఫోమ్‌కూ మధ్య గాలి దూరకపోతే నీరు పట్టదు. స్తంభాల్లాంటి ఇరుకు చోట్ల నేరుగా రేకు మీదే కార్పెట్ అతికించక తప్పదు, అక్కడ కాస్త చెమ్మ వస్తుందని ఒప్పుకుని గాలి మారే ఏర్పాటు చేసుకోవాలి. పైకప్పు మీద గాలి గొట్టం, పడుకునేటప్పుడు వేలెడంత తెరిచిన కిటికీ ఏ ఖరీదైన పొర కన్నా బాగా పనిచేస్తాయి. ప్లాస్టిక్ షీటుతో గోడంతా కప్పి ఆవిరిని ఆపాలా వద్దా అన్నది ఇళ్ల నిర్మాణం నుంచి అరువు తెచ్చుకున్న వాదం. తలుపులు, క్లిప్పు రంధ్రాలు, వైర్ల దారులు ఇన్ని ఉన్న బండిలో షీటు పూర్తిగా మూసుకోదు. దూరిన ఆవిరి బయటికి రాలేక వెనకే నిలిచిపోయేందుకే అది తోడ్పడుతుంది.

చప్పుడు సంగతి కూడా ఇలాంటిదే. ఖాళీ వ్యాన్‌లో మాట గింగురుమనడం కార్పెట్ వేయగానే తగ్గుతుంది; పై స్థాయి శబ్దాలను నూగు మింగుతుంది. రోడ్డు మీది గుర్రు, డీజిల్ ఇంజన్ హోరు మాత్రం అలాగే ఉంటాయి. వాటికి రేకు వణుకును ఆపాలి. బ్యూటైల్ రబ్బరు పొర మీద అల్యూమినియం రేకు ఉండే మ్యాట్లను పెద్ద పలకల మధ్యలో అంటిస్తే ఆ పని జరుగుతుంది. రేకంతా కప్పక్కర్లేదు, పావు నుంచి సగం మేర చాలు. మిగిలిన సగానికి డబ్బు పెట్టేవాళ్లు బరువు కొనుక్కుంటున్నట్టే.

పని జరిగే తీరు

వరస తప్పితే పని రెట్టింపవుతుంది. రేకు ముందు, పలకలు తర్వాత. స్తంభాలు, కిటికీ చట్రాలు, వీల్ ఆర్చ్‌ల మీద అతికించిన గుడ్డ అంచులు తర్వాత బిగించే పలకల కింద దాక్కుంటాయి కాబట్టి అక్కడ కోత వంకర పోయినా నష్టం లేదు. అద్దాలు కోయించి పెట్టించాలనుకుంటే అది అన్నిటికన్నా ముందే కావాలి. కిటికీ కోసేటప్పుడు రాలే ఉక్కు పొడి కొత్త కార్పెట్‌లో దిగబడితే తుప్పు మరకలుగా తేలుతుంది.

ముక్కలు కోసే ముందు ప్రతిదాని వెనకా నూగు వాలు ఏ దిక్కో సుద్దతో బాణం గుర్తు వేసుకుంటారు. అన్ని ముక్కల్లోనూ బాణం కిందికే చూడాలి. ఒక్క ముక్క తిరగబడినా గదిలో ఉన్నప్పుడు తెలియదు. బండి బయటికి తీసి పక్క నుంచి ఎండ పడగానే అది వేరే రంగు గుడ్డలా కనిపిస్తుంది.

ప్లై పలక తేలిక. పలక సుమారు నాలుగు నుంచి ఆరు మి.మీ. మందం. గుడ్డను బోర్లా పరిచి, రెండింటికీ గమ్ కొట్టి, ఆగి, పలకను దాని మీద దించి, తిప్పి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో రాస్తారు. చుట్టూ నాలుగైదు సెంటీమీటర్లు వదిలి వెనక్కి మడిచి అతికిస్తారు. బయటి మూలల దగ్గర మడత మీద మడత పడి లావెక్కకుండా ముక్కోణం కోసి తీసేయాలి. మరచిపోయేది ఒకటుంది. కార్పెట్ మందం పలక చుట్టూ కలుస్తుంది, కాబట్టి ఇరుకుగా కూర్చునే పలకను ముందే ప్రతి అంచునా మూడు మి.మీ. మేర తగ్గించుకోవాలి. లేకపోతే గుడ్డ వేశాక పలక దాని చోటుకు పోదు.

వీల్ ఆర్చ్ దగ్గరే పనివాడి చేతి సంగతి బయటపడుతుంది. ముక్కను అన్ని వైపులా ఒక జానెడు ఎక్కువగా కోస్తారు. రెండు ముఖాలకూ గమ్ కొట్టి, వేలితో తాకితే దారాలు సాగుతున్నా వేలికి అంటని దశ దాకా ఆగుతారు. మొదట ఆర్చ్ నెత్తి మీద అరచెయ్యంత మేర మాత్రమే అంటిస్తారు, మిగతా గుడ్డ గాలిలోనే ఉంటుంది. అక్కడి నుంచి ఒక చెయ్యి గుడ్డను ఒక దిక్కుకు కొద్దిగా లాగుతుంటే రెండో చెయ్యి దాని వెనకే నొక్కుకుంటూ పోతుంది. నున్నగా ఉన్న భాగమంతా అలా లొంగుతుంది. చివరికి ఆర్చ్ నేలను కలిసే ముందు మూల, వెనక మూల మిగులుతాయి. ఉన్న గుడ్డంతా అక్కడ కుచ్చిళ్లు పడుతుంది. ఇక్కడే తొందరపడి కత్తెర తీసేవాళ్లు చాలామంది. కుచ్చిలిని ఎత్తి పట్టుకుని, హీట్ గన్‌ను జానెడు దూరం నుంచి రెండు మూడు క్షణాలు ఊపితే పోగులు మెత్తబడతాయి. వెంటనే గుడ్డను కుచ్చిలికి అడ్డంగా కాక దాని వెంటే కిందికి లాగి, నొక్కి, చల్లబడేదాకా అలాగే పట్టుకోవాలి. ఒకటి పోయి రెండు చిన్నవి వస్తాయి, వాటినీ అలాగే సర్దాలి. అతిగా లాగితే నూగు పలుచబడి అడుగు పాలిపోయినట్టు తేలుతుంది. ముదురు బూడిద రంగులో ఇది వెంటనే పట్టుబడుతుంది, నలుపులో అంతగా కనపడదు. అనుభవం లేనివాళ్లకు నలుపే క్షేమం.

అతుకు తప్పనిచోట ఒక పాత చిట్కా ఉంది. రెండు ముక్కలను నాలుగైదు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి, ఆ మేరకు గమ్ కొట్టకుండా వదిలి, ఉక్కు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో రెండు పొరలనూ ఒకే గీతలో కోయాలి. పైన మిగిలిన పీలికను తీసి, పై పొరను ఎత్తి కింది పీలికను లాగేస్తే రెండు అంచులు సరిగ్గా ఎదురెదురుగా కూర్చుంటాయి. గమ్ కొట్టి నొక్కి, గోటితో నూగును గీత మీదుగా దువ్వితే అతుకు చోటు చేసినవాడికే వెతికితే గాని దొరకదు. బ్లేడు మాత్రం పదునుగా ఉండాలి. మొండి బ్లేడు పోగును కోయదు, ఈడ్చుకుపోతుంది. ఒక బండికి డబ్బా బ్లేడ్లు అయిపోవడంలో దుబారా ఏమీ లేదు.

తలుపుల దగ్గర కార్పెట్‌ను రబ్బరు సీలు లోపలి అంచుకే ఆపాలి. సీలు కిందికి దూర్చి దాచేస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది గాని, వానలో తడిసిన బయటి అంచు నుంచి పోగుల సందుల గుండా నీరు లోపలికి పాకుతుంది. పోగు నీరు పీల్చకపోయినా పోగుల మధ్య సందు పీలుస్తుంది.

నిప్పు, గాలి, ఎయిర్‌బ్యాగ్

స్ప్రే గమ్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది, మండుతుంది. రెండు తలుపులూ తెరిచి, బ్యాటరీ తీగ విప్పి, సేంద్రియ ఆవిరులకు పనికొచ్చే ఫిల్టరు మాస్కు పెట్టుకుని చేయాల్సిన పని ఇది. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. తలతిరుగుడు మొదలైందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

వాహనాల లోపలి గుడ్డలు ఎంత నెమ్మదిగా కాలాలో ప్రమాణాలున్నాయి. 1972 సెప్టెంబరు నుంచి అమలైన అమెరికా ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 ప్రకారం మంట నిమిషానికి 102 మి.మీ. మించి పాకకూడదు. భారతదేశంలో ఇదే పనికి ఐఎస్ 15061 ఉంది. ఇవి ముక్కను అడ్డంగా పట్టుకుని చేసే పరీక్షలు. నిలువు గోడ మీద మంట పైకి పాకే వేగం అంతకన్నా చాలా ఎక్కువ, పైగా జిగురు పొర దానికి తోడు. కాబట్టి ప్రమాణం దాటిన గుడ్డ అయినా స్టవ్ వెనక గోడకు పనికిరాదు. అక్కడ లోహపు పలకే ఉండాలి. డీజిల్ హీటర్ వేడిగాలి గొట్టం చుట్టూ కూడా అంతే. వంట గ్యాస్ సిలిండర్ ఉన్న బండిలో నేలకు పెట్టిన గాలి రంధ్రాలను గుడ్డ కప్పకూడదు. లీకైన గ్యాస్ కిందికి దిగి అక్కడి నుంచే బయటికి పోవాలి.

పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న స్తంభాలు, పైకప్పు అంచుల జోలికి పోకపోవడం ఉత్తమం. ఫ్యాక్టరీ కవరు నిర్ణీతమైన గీత వెంట చీలి తెరుచుకునేలా చేసి ఉంటుంది. దాని మీద అతికించిన సాగే గుడ్డ ఆ చీలికకు అడ్డుపడుతుంది.

భారతదేశంలో

మన దగ్గర వ్యాన్ లోపలి అలంకరణ దారి వేరు. 1984లో మారుతి వ్యాన్ వచ్చిన నాటి నుంచి, 2019లో ఓమ్ని పేరుతో దాని తయారీ ఆగిపోయేదాకా, సీటు కవర్ల షాపుల్లో గోడలకూ డోర్ ప్యాడ్లకూ వేసింది ఎక్కువగా రెక్సినే. టెంపో ట్రావెలర్ లోపలా అదే. దీనికి కారణం రుచి మాత్రమే కాదు. దుమ్ము, చెమట ఎక్కువగా ఉండే చోట తడిగుడ్డతో తుడిస్తే పోయే గోడ కావాలి. నూగు గుడ్డను వాక్యూమ్ పెట్టి లాగాలి. రామగుండం, విజయవాడ వంటి చోట్ల ఏప్రిల్, మే ఎండల్లో నిలిపిన బండి పైకప్పు దగ్గర జిగురుకు పెట్టే పరీక్ష ఇంగ్లండ్‌లో జూలై కూడా పెట్టదు. మరోవైపు ఇక్కడ చల్లటి రేకు మీద నీరు పట్టే సమస్య దాదాపు లేదు. రాత్రంతా ఏసీ నడిచే బండిలో మాత్రం అది తలకిందులుగా ఎదురవుతుంది: బయటి ఉక్కపోత గాలి సందుల్లో దూరి, లోపల చల్లబడ్డ పలకల వెనక వైపున చెమ్మ పడుతుంది. హైదరాబాద్ సినిమా షూటింగుల దగ్గర కనిపించే తారల ‘కారవాన్’ల వంటి ఏసీ గదుల బళ్లను కట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం సంగతి చూస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. గోడకు గుడ్డ అతికించడం వల్ల ఆ వివరాలేవీ మారవు. కిటికీ కోయించడం, సీట్లు తీసి మంచం పెట్టడం అలా కాదు. ఫ్యాక్టరీ స్థాయిలో తయారయ్యే మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. బ్రిటన్‌లోనూ బండిని ‘మోటార్ క్యారవాన్’గా రికార్డులో మార్చమని అడిగితే లైసెన్సింగ్ శాఖ చూసేది ఎక్కువగా బయటి రూపాన్ని, అంటే కిటికీలు, పందిరి, ఎత్తైన టాపు. లోపల ఎంత ముచ్చటగా కార్పెట్ వేసినా ఆ ఫారం కదలదు.

తొలగింపు

పాత లైనింగ్ తీయాల్సి వస్తే కిటికీ కింది మూల నుంచి మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ఏదైనా చెడి ఉంటే అక్కడే చెడి ఉంటుంది. అద్దం మీద పట్టిన నీరు రోజూ జారి ఆ మూలలో దిగుతుంది. గుడ్డను ఎత్తితే వెనక గమ్ తెల్లగా పాలిపోయి, వేలితో రాస్తే ఉండలు కడుతూ వస్తుంది. రేకు మీద పెయింట్ బొబ్బలు కట్టి, గోటితో గిల్లితే గోధుమ రంగు పొడి రాలుతుంది. మిగతా గోడ ఎంత పదిలంగా ఉన్నా ఆ మూలను శుభ్రం చేసి ప్రైమర్ వేయకుండా కొత్త గుడ్డ కప్పకూడదు. మిగిలిన చోట్ల కార్పెట్‌ను హీట్ గన్‌తో వెచ్చబెట్టి నెమ్మదిగా లాగితే పెద్ద ముక్కలుగా వస్తుంది, చల్లగా ఉన్నప్పుడు లాగితే నూగు చేతికొచ్చి అడుగు రేకుకే మిగులుతుంది. కొత్త కార్పెట్ వేయబోయేవాళ్లు పాత గమ్‌ను రేకు మెరిసేదాకా గీకనక్కర్లేదు. గట్టిగా పట్టి ఉన్న పలుచటి పొర మీద కొత్త గమ్ బాగానే కూర్చుంటుంది. ఉండలు కట్టిన, పొడిబారిన పొరను మాత్రం పూర్తిగా తీసి, నారింజ తొక్క నూనెతో చేసిన క్లీనర్‌తో తుడిచి, ఆ నూనె జిడ్డు పోవడానికి మళ్లీ ఒకసారి ఆల్కహాల్ పెట్టాలి.